మైదానం బయట ఆ కుర్రాడు ఎవరి బాధ్యత?

సోమవారం ఉదయం ఎనిమిదో తరగతిలో పాఠం మొదలవ్వాలంటే ముందు ప్రీమియర్ లీగ్ స్కోర్లు అయిపోవాలి. ఆర్సెనల్ ఎలా ఆడింది, యునైటెడ్ ఎందుకు ఓడింది, ఎవరు ఎంతకి అమ్ముడుపోయారు... ఐదు నిమిషాలు వదిలేస్తే గ్రామర్ పుస్తకం మూసేసి మ్యాచ్ మొత్తం బోర్డు మీద గీసేస్తారు. ఈ మధ్య పేరెంట్-టీచర్ మీటింగ్‌లో కూడా మార్కుల సంగతి అయ్యాక ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది: "బాబు బాగా ఆడుతున్నాడు మేడం, ఫుట్‌బాల్ అకాడమీలో వేస్తే ఎలా ఉంటుంది?" ఆ వెంటనే కోచ్ ఎవరు, గ్రౌండ్ ఎలాంటిది, ఫీజు ఎంత అనే లెక్కలు వస్తాయి. అవన్నీ అడగాల్సినవే. కానీ రోజుకు మూడు గంటలు ఆడే పిల్లవాణ్ణి మిగతా ఇరవై ఒక్క గంటలు ఎవరు చూసుకుంటారు? ఇక ఆడలేని రోజు వస్తే వాడి పక్కన ఎవరుంటారు? ఈ మాట అడిగేవాళ్లు తక్కువ.

ఈ ప్రశ్నతో చాలాకాలంగా తంటాలు పడుతున్న దేశం ఇంగ్లండ్. మన పిల్లలు కలలు కనే క్లబ్బులూ అక్కడివే. అందుకే అక్కడ ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

ఇంగ్లండ్‌లో క్లబ్ అకాడమీలు ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులోనే పిల్లల్ని నమోదు చేసుకుంటాయి. అంటే మన లెక్కలో మూడో తరగతి, నాలుగో తరగతి. ఒప్పందం ఏడాదికో రెండేళ్లకో ఉంటుంది. అది ముగిసిన ప్రతిసారీ ఉంచాలా, పంపాలా అని క్లబ్ తేల్చుకుంటుంది. పదహారేళ్లు వచ్చేసరికి కొద్దిమందికే రెండేళ్ల స్కాలర్‌షిప్ దొరుకుతుంది. పదిహేడు దాటాక అందులోనూ కొద్దిమందికే ప్రొఫెషనల్ కాంట్రాక్టు. 2012లో తెచ్చిన 'ఎలీట్ ప్లేయర్ పర్ఫార్మెన్స్ ప్లాన్' అనే పథకం కింద అకాడమీలకు నాలుగు గ్రేడులు పెట్టారు. గ్రేడు ఇచ్చేటప్పుడు మైదానం, కోచ్‌లతో పాటు చదువు ఎలా సాగుతోంది, పిల్లల సంక్షేమం ఎవరు చూస్తున్నారు అన్నది కూడా పరిశీలిస్తారు.

ఇప్పుడొక చిన్న లెక్క. ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులు. 21 ఏళ్లు దాటిన ఆటగాళ్లను ఒక్కో క్లబ్ 25 మందికి మించి నమోదు చేసుకోకూడదు. మొత్తం 500 చోట్లు. వాటి కోసం బ్రెజిల్ నుంచి సెనెగల్ దాకా ప్రపంచంలోని మేటి ఆటగాళ్లందరూ పోటీలో ఉంటారు. ఇక ఇంగ్లండ్ అకాడమీల్లో ఆడే పిల్లలు వేలల్లో ఉంటారు. కాబట్టి అకాడమీలో చేరిన పిల్లవాడికి మామూలుగా జరిగేది బయటికి రావడమే. పైదాకా వెళ్లడం అరుదు. ఈ విషయం క్లబ్బుకి మొదటి రోజే తెలుసు. పిల్లవాడికి తెలియదు, ఇంట్లోవాళ్లకి సగం తెలుసు.

ఆ బయటికి పంపడానికి వాళ్లు వాడే మాట 'రిలీజ్'. ఇంగ్లిష్ టీచర్‌ని కదా, ఈ మాట దగ్గర కాసేపు ఆగిపోతాను. మనకు రిలీజ్ అంటే సినిమా. బ్యానర్లు, పాలాభిషేకాలు. అక్కడ పదహారేళ్ల కుర్రాడికి రిలీజ్ అంటే ఒక ఆఫీసు గదిలో పది నిమిషాల మీటింగ్, తర్వాత లాకర్ ఖాళీ చేసి ఇంటికి వెళ్లడం. పైగా అది జరిగేది మన పదో తరగతి లాంటి జీసీఎస్‌ఈ పరీక్షలు రాసే వయసులో.

పోయేది ఆట ఒక్కటే అయితే తట్టుకోవచ్చు. ఎనిమిదేళ్ల నుంచీ వాడి వారమంతా ఆ టైమ్‌టేబుల్ చుట్టూనే తిరిగింది. స్నేహితులంతా ఆ జట్టులోనే ఉన్నారు. చుట్టాలూ వీధిలోవాళ్లూ 'ఫుట్‌బాలర్' అని పిలుస్తారు. మన దగ్గర ఆరో తరగతి నుంచే పిల్లల్ని 'డాక్టర్ గారూ' అని పిలిచే ఇళ్లు ఉంటాయి కదా, సీటు రాని ఏడాది ఆ పిలుపు ఆగిపోతే ఆ పిల్ల ముఖం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. నిన్నటిదాకా ఎవరో ఒకరుగా ఉన్నవాడు ఈ రోజు ఎవరూ కాకుండా పోతాడు. వాడితో ఆడినవాళ్లు మాత్రం రేపు పొద్దున అదే మైదానానికి వెళతారు.

2020 అక్టోబరులో, ఒకప్పుడు మాంచెస్టర్ సిటీ అకాడమీలో ఆడిన 18 ఏళ్ల కుర్రాడు ఆత్మహత్య చేసుకున్నాడు. మోకాలి గాయంతో ఇబ్బంది పడ్డాడు, ఆ తర్వాత క్లబ్ అతన్ని రిలీజ్ చేసింది. ఒక ప్రాణం పోవడానికి కారణం ఇదొక్కటే అని బయటివాళ్లం తేల్చకూడదు. కానీ ఆ వార్త ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌ని ఒక ప్రశ్న ముందు నిలబెట్టింది. పిల్లవాడు గేటు దాటి వెళ్లాక క్లబ్ బాధ్యత తీరిపోయినట్టేనా? 2021 ఆరంభంలో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్ దీనికి తన జవాబు చెప్పింది. తన అకాడమీ నుంచి బయటికి వెళ్లిన కుర్రాళ్లకి మూడేళ్ల పాటు తోడుగా ఉండేందుకు ఒక కార్యక్రమం ప్రకటించి, దాని కోసమే పూర్తికాలం పనిచేసే మనిషిని పెట్టింది. మరో క్లబ్ వెతుక్కోవాలన్నా, కాలేజీలో చేరాలన్నా, ఉద్యోగం చూసుకోవాలన్నా, ఊరికే మాట్లాడాలన్నా ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉంటుంది. వినడానికి చిన్న సంగతే. ఇలాంటి ఏర్పాటు 2021 దాకా వార్తగా ఉండటమే నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది.

అలాగని అంతకుముందు ఎవరూ ఏమీ పట్టించుకోలేదనీ కాదు. వెనకటి రోజుల్లో అప్రెంటిస్ కుర్రాళ్లు పొద్దున సీనియర్ల బూట్లు తుడిచేవాళ్లు, డ్రెస్సింగ్ రూములు ఊడ్చేవాళ్లు, సాయంత్రం 'డిగ్స్'కి వెళ్లేవాళ్లు. డిగ్స్ అంటే క్లబ్ డబ్బిచ్చి ఏర్పాటు చేసే ఇల్లు. ఊళ్లోని ఒక కుటుంబం ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకి గది ఇచ్చి అన్నం పెట్టేది. ఇప్పటికీ ఆ పద్ధతి ఉంది. కాకపోతే ఇప్పుడు ఆ కుటుంబంలోని పెద్దలకి నేరచరిత్ర ఏమైనా ఉందేమో ముందే విచారిస్తారు. వేరే ఊరి నుంచో వేరే దేశం నుంచో వచ్చిన పదహారేళ్ల కుర్రాడికి జ్వరం వస్తే మొదట తెలిసేది ఆ ఇంటావిడకే. రాత్రి అన్నం వదిలేశాడనీ, వారం నుంచి ఇంటికి ఫోన్ చేయట్లేదనీ కోచ్ కంటే ముందు ఆవిడకే తెలుస్తుంది.

ఈ విచారణలూ నియమాలూ ఊరికే రాలేదు. 2016 నవంబరులో ఆండీ వుడ్‌వర్డ్ అనే మాజీ ఆటగాడు, చిన్నప్పుడు తన కోచ్ తనని లైంగికంగా వేధించాడని పేరు దాచుకోకుండా బయటపెట్టాడు. ఆయన తర్వాత ఒకరి వెంట ఒకరు ముందుకొచ్చారు. ఆ కోచ్ బ్యారీ బెన్నెల్‌కి 2018లో పడిన శిక్ష 30 ఏళ్ల పైమాటే. 1970 నుంచి 2005 మధ్య ఇలాంటివి ఎన్ని జరిగాయో తేల్చమని ఫుట్‌బాల్ అసోసియేషన్ న్యాయవాది క్లైవ్ షెల్డన్‌కి అప్పగించింది. 2021 మార్చిలో వచ్చిన ఆయన నివేదిక ప్రకారం తెలిసినంతలో బాధితులే 692 మంది. పిల్లల్ని కాపాడే విషయంలో అసోసియేషన్ చాలా ఆలస్యంగా కదిలిందని కూడా ఆయన రాశారు.

తల్లిదండ్రులు ఆ నివేదికలోంచి ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలని నేను కోరుకుంటాను. ఆ పిల్లలు నోరు విప్పకపోవడానికి భయంతో పాటు ఇంకో కారణం ఉంది. జట్టులో ఉంచేదీ తీసేసేదీ ఎవరి చేతిలో ఉందో, కష్టం వస్తే చెప్పుకోవాల్సిందీ ఆయనకే. సెలెక్షన్ చేసే మనిషీ, మొర వినే మనిషీ ఒక్కరే అయితే ఏ పిల్లవాడూ మొర పెట్టుకోడు. గాయం నొప్పెడుతోందని కూడా చెప్పడు, శనివారం మ్యాచ్‌లో చోటు పోతుందని. అందుకే ఇప్పుడు ప్రతి అకాడమీలోనూ కోచింగ్‌తో సంబంధం లేని సేఫ్‌గార్డింగ్ అధికారి ఉంటారు. పెద్ద క్లబ్బుల్లో 'ప్లేయర్ కేర్' అని వేరే విభాగమే ఉంది. బ్యాంకు ఖాతా తెరిపించడం, భాష నేర్పించడం, స్కూలుతో మాట్లాడటం, జీతం వచ్చిన మొదటి నెల అది ఎలా ఖర్చవుతోందో గమనించడం, సోషల్ మీడియాలో తిట్లు పడితే ఫోన్ పక్కన పెట్టించడం దాకా వాళ్ల పనే.

తిట్లంటే మామూలువి కావు. 2021 జూలైలో యూరో ఫైనల్లో పెనాల్టీ మిస్సయినప్పుడు బుకాయో సాకాకి 19 ఏళ్లు. ఆ రాత్రే అతనితో పాటు మార్కస్ రాష్‌ఫర్డ్, జేడన్ సాంచో ఫోన్లలో కూడా జాతి పేరుతో బూతులు వచ్చిపడ్డాయి. మన ఇంటర్ రెండో ఏడాది పూర్తిచేసిన పిల్లలకంటే ఒకటి రెండేళ్లు మాత్రమే పెద్దవాడు. సెలవుల తర్వాత ఆర్సెనల్‌కి తిరిగి వచ్చినప్పుడు అభిమానులు రాసిన ఉత్తరాలతో ఒక గోడంతా నింపి అతనికి చూపించారు. ఇలాంటి పని ఎవరికో ఒకరికి తట్టాలి, తట్టిన మనిషికి అది చేసే వీలుండాలి.

రాష్‌ఫర్డ్ పేరు వచ్చింది కాబట్టి అతని చిన్నతనం గురించి కూడా చెప్పాలి. ఏడేళ్లకే యునైటెడ్‌లో చేరాడు. తల్లి ఒక్కతే రెండు మూడు ఉద్యోగాలు చేస్తూ పిల్లల్ని పెంచింది. ఆయినా కొన్ని పూటలు ఇంట్లో తిండికి కరువే. కొడుకుని త్వరగా క్లబ్ వసతిలో చేర్చుకోమని ఆవిడ పట్టుబట్టింది. పదకొండేళ్లకే వాళ్లు చేర్చుకున్నారు. ఆవిడ చూసింది ముందు కడుపు నిండే దారి. 2020లో అతను స్కూలు భోజనాల కోసం గొంతెత్తి, బ్రిటన్ ప్రభుత్వం తన నిర్ణయం మార్చుకునేలా చేశాడు. ఆ వేసవిలో దాదాపు 13 లక్షల మంది పిల్లలకి భోజన కూపన్లు అందాయి.

అందరి కథా ఇలా సాగదు. డెలె అలీ పదకొండేళ్లకి ఎంకే డాన్స్ అకాడమీలో చేరాడు, పదహారుకే పెద్దల జట్టులో ఆడాడు, 2016, 2017లో వరుసగా దేశంలోనే ఉత్తమ యువ ఆటగాడయ్యాడు. 2023 జూలైలో ఒక ఇంటర్వ్యూలో కూర్చుని, చిన్నతనంలో తనపై జరిగిన వేధింపుల గురించి, నిద్రమాత్రలకు బానిసై ఆరు వారాలు పునరావాస కేంద్రంలో ఉండటం గురించి చెప్పాడు. అప్పటికి అతనికి 27 ఏళ్లు. లక్షల మంది ప్రతి వారం టీవీలో చూసిన మనిషి. ఆట చూసినవాళ్లలో ఎంతమంది మనిషిని చూశారు?

సాండ్రో టొనాలీది ఇంకో దారి. 2023 వేసవిలో ఏసీ మిలాన్ నుంచి న్యూకాజిల్‌కి వచ్చిన ఈ ఇటలీ కుర్రాడు, అదే అక్టోబరులో బెట్టింగ్ చేసినందుకు పది నెలల నిషేధానికి గురయ్యాడు. బెట్టింగ్ వ్యసనంగా మారిందని అందరూ ఒప్పుకున్నారు. శిక్షలో భాగంగా చికిత్స తీసుకోవాలి, యువకులకి తన అనుభవం చెప్పాలి. క్లబ్ అతన్ని వదిలించుకోలేదు, ఆడటానికి వీల్లేకపోయినా జట్టుతోనే ప్రాక్టీస్ చేయించింది. 2024 ఆగస్టులో మళ్లీ ఆడాడు. 2025 మార్చిలో న్యూకాజిల్ లీగ్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. బెట్టింగ్ యాప్‌ల వల్ల మన దగ్గర ఎన్ని ఇళ్లు చితికాయో చూస్తున్నాం కాబట్టి దీన్ని దూరదేశపు కథ అనుకోవడం కష్టం.

మరి బాధ్యత ఎవరిది అంటే అక్కడ చాలా వేళ్లు చాలామంది వైపు చూపిస్తాయి. ఆటగాళ్ల సంఘం పీఎఫ్‌ఏ 1907 నుంచీ ఉంది. సభ్యులకి కౌన్సెలింగ్ ఏర్పాటు చేస్తుంది. స్కాలర్‌షిప్ కుర్రాళ్ల చదువు చూడటానికి ఆ సంఘమూ, కింది డివిజన్ల లీగూ కలిసి 2004లో 'లీగ్ ఫుట్‌బాల్ ఎడ్యుకేషన్' అనే సంస్థ పెట్టాయి. 18 ఏళ్లు నిండేదాకా ఏదో ఒక చదువో శిక్షణో ఉండాలని ఇంగ్లండ్ చట్టమే చెబుతుంది కాబట్టి, ఎంత గొప్పగా ఆడినా పుస్తకం పూర్తిగా మూయడానికి వీల్లేదు. మద్యానికి బానిసై బయటపడిన ఆర్సెనల్ మాజీ కెప్టెన్ టోనీ ఆడమ్స్ 2000లో 'స్పోర్టింగ్ ఛాన్స్' అనే చికిత్స సంస్థ స్థాపించాడు. కుర్రాడికి పదహారేళ్లు వచ్చే సంవత్సరం జనవరి దాకా ఏ ఏజెంటూ ఒప్పందం రాయించుకోకూడదనే నిబంధన ఉంది. ఇతర దేశాల పిల్లల్ని 18 ఏళ్ల లోపు తీసుకోవడాన్ని, కొన్ని మినహాయింపులతో, ఫిఫా నిషేధించింది. ఆ నియమం మీరినందుకే బార్సిలోనా అంతటి క్లబ్ 2015 అంతా కొత్త ఆటగాళ్లని నమోదు చేసుకోలేకపోయింది.

ఇంతమంది ఉన్నా నా అభిప్రాయం మాత్రం ఒకటే. మొదటి బాధ్యత క్లబ్బుదే. ఎందుకంటే పిల్లవాణ్ణి ఇంట్లోంచి, వీధిలోంచి, మామూలు స్కూలు రోజులోంచి బయటికి తీసుకొచ్చింది అదే. వాడు పైకొస్తే కోట్ల పౌండ్లకు అమ్ముకునేదీ అదే. లాభంలో భాగం ఉన్నవాళ్లకి నష్టంలోనూ ఉండాలి. ఇక్కడొక చిక్కు ఉంది. ప్లేయర్ కేర్ ఉద్యోగికి జీతం ఇచ్చేదీ క్లబ్బే. కుర్రాడికి విశ్రాంతి కావాలని ఆ ఉద్యోగి, శనివారం ఆడించాలని మేనేజరు అంటే ఎవరి మాట నెగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. పారాలింపిక్ క్రీడాకారిణి టానీ గ్రే-థాంప్సన్ 2017లో బ్రిటన్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో క్రీడలకంతటికీ స్వతంత్రంగా ఒక అంబుడ్స్‌మన్ ఉండాలని సూచించింది ఇలాంటి కారణాలతోనే.

మన హైదరాబాద్‌కి ఈ విషయంలో ఒక పాత పద్ధతి ఉండేది. 1950ల్లో ఇక్కడి సిటీ పోలీస్ జట్టు దేశంలోనే గొప్పది. దాని కోచ్, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కి స్వర్ణం తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ అసలు వృత్తి స్కూల్ టీచర్. ఆ రోజుల్లో మంచి ఆటగాడంటే పోలీసులోనో రైల్వేలోనో బ్యాంకులోనో ఉద్యోగం దొరికేది. జీతం పెద్దదేమీ కాదు. కానీ మోకాలు పోయినా నెల మొదటి తారీఖున జీతం పోయేది కాదు. ఆ విధానాన్ని ఆటకు అడ్డంకి అని విమర్శించేవాళ్లు ఉన్నారు, కొంత నిజం కూడా. ఇప్పుడు కాంట్రాక్టుల కాలం. 2021-22లో ఐఎస్‌ఎల్ ఛాంపియన్ అయిన హైదరాబాద్ ఎఫ్‌సీ, రెండేళ్లు తిరిగేసరికి జీతాల బకాయిల వివాదాల్లో పడి ఆటగాళ్లను పోగొట్టుకుంది. కాంట్రాక్టు కాగితం ఎంత గట్టిదో దాని వెనకున్న సంస్థను బట్టి ఉంటుంది.

కాబట్టి మీ అబ్బాయినో అమ్మాయినో ఏ ఆటకైనా అకాడమీలో, ముఖ్యంగా హాస్టల్ ఉన్న అకాడమీలో చేర్చే ముందు గ్రౌండ్ చూసి వచ్చేయకండి. రాత్రి తొమ్మిదికి పిల్లల దగ్గర ఎవరుంటారో అడగండి. వార్డెన్ పేరు, నంబరు తీసుకోండి. కోచ్ మీదే ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పాలో పిల్లవాడి ఎదుటే అడగండి, వాడూ వినాలి. గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిదో, ఆ నెలల్లో చదువు ఎలా సాగుతుందో కాగితం మీద రాయించుకోండి. స్కూలు మానిపించి ప్రైవేటుగా పరీక్ష రాయిద్దామని ఎవరైనా అంటే మాతో ఒకసారి మాట్లాడండి. టోర్నమెంట్లు ఉన్న పిల్లలకి పరీక్షల విషయంలో చేయగలిగిన సర్దుబాట్లు కొన్ని ఉంటాయి, ముందే చెబితే.

ఇంట్లో చేయాల్సింది అంతకన్నా తేలిక, అంతకన్నా కష్టం. మ్యాచ్ నుంచి వచ్చే దారిలో కారులోనో బండి మీదో తప్పులు లెక్కపెట్టకండి. ఆట గురించి కాకుండా మాట్లాడుకునే విషయం ఒకటి ఇంట్లో బతికి ఉండనివ్వండి. సెలెక్షన్ రానివాడు రెండు వారాలు దాటినా సరిగా తినక, నిద్రపోక, స్నేహితుల్ని తప్పించుకుంటూ ఉంటే అలక అనుకుని వదిలేయకండి. స్కూల్ కౌన్సెలర్ ఉన్నారు. ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

అకాడమీ ఆఫీసులో అడగాల్సింది ఇంకొకటి మిగిలింది. గోడ మీద ఫొటోలున్న విజేతల తల్లిదండ్రులతో వాళ్లే మాట్లాడిస్తారు. మీరు మాత్రం గత ఏడాది మధ్యలో వెళ్లిపోయిన ఒకరిద్దరు పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడించమని అడగండి. ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడ చదువుతున్నారో ఆఫీసులో ఎవరికైనా తెలుసేమో చూడండి.